తట్ట చుట్టూ ఆరు అంకెలు

ఏం మే వినుతా, ఆ ఫోను పెద్ద లెక్కలు గూడా గుణిస్తాదా? అయితే ఒకటి కొట్టి సూడు. ఉండుండు, యాడ మొదలుపెట్టాలో నాకే తెలీదు. మా అన్న ఆంజనేయప్ప ఉండె గదా, నువ్వు సూడలేదులే, మీ నాయన పుట్టకముందే పోయినాడు. పదో క్లాసులో మా నాయన అన్నని ఇస్కూలు మానిపించి పట్టుపురుగులింట్లో పెట్టినాడు. అప్పుడంతా గుండ్రం తట్టల్లో మేపేది, ఎదురుబద్దలతో అల్లినవి. ఇప్పుడు మన సాదలి ఊర్లో యాడుండాయి, అంతా కొమ్మలేసి మేపుతాండారు. అట్లా ఒక తట్ట అంచుమింద, చుట్టూ, అన్న సున్నంతో ఆరు అంకెలు రాసినాడు. ఒకటి, నాలుగు, రెండు, ఎనిమిది, అయిదు, ఏడు. "పుట్టీ, దీన్ని రెండుతో గుణించినా ఇవే అంకెలే వస్తాయి, తట్టని కొంచెం తిప్పినట్ల. మూడుతోనూ ఇవే. ఆరుదాకా ఇవే. ఏడుతో గుణించితివా, అన్నీ తొమ్మిదులే" అని నాతో అంటాండె. నేను మూడో క్లాసు సదివినదాన్ని, నగితి. "నీకు ఎండ తగిలిండాది పోన్నా" అంటి.

ఆ పంటకి పురుగంతా సచ్చిపోయె మే. ఇంకో వారముంటే గూడు కట్టేవి. ఒళ్లు పగిలి పాల మాదిరి నీళ్లు కారి, నల్లగయి, తట్టలు తట్టలే పోసొచ్చిరి దిబ్బలో. మా నాయన తల పట్టుకోని కూసునె. ఎవురో ఏందో పెట్టినారని ఊరంతా అనబట్టె. అప్పుడు ఈ నోరు, ఇదే నోరు, "నాయనా, అన్న తట్టమింద ఏందో రాసి తిప్పి తిప్పి సదువుతాండాడు" అనేసె. ఊరికే అంటి, ఏమీ అనుకోని అన్లేదు. గుండ్రంగా రాసింది, సున్నంతో రాసింది, అంతా తొమ్మిదులైపోతాయనేది, ఇంకేమనుకుంటారు? మా పెద్దమ్మ రామలక్ష్మమ్మ అయితే "అయ్యో, ఇంట్లోనే చేతబడి!" అని గుండెలు బాదుకునె. నాయన తట్ట నా చేతికిచ్చి కాల్చమనె. కాలిస్తి. అన్న వాకిట్లో నిలబడుకోని, "లెక్క నాయనా, ఉత్త లెక్క. గుణించి సూడండి" అనె. ఎవురు గుణిస్తారు? మద్యాన్నమే అన్న ఇల్లిడిసి చింతామణికి పోయే బస్సెక్కె. రెండేండ్లకి శవమే వచ్చె. జరమంట. ఆ అంకెలు మంటలో ఒక్కోటే నల్లబడింది నాకు ఈపొద్దుకీ కండ్లలోనే ఉండాది.

ఆ ఆరంకెలు కొడితివా? సరిగ్గా కొట్టు. ఊ, రెండుతో. ఏమొచ్చె? నిదానంగా సదువు. రెండు, ఎనిమిది, అయిదు, ఏడు, ఒకటి, నాలుగు... ఏందీ? మళ్లా సదువు మే. అవే గదా! అవే, రెండు కాణ్నించి తిప్పినట్ల! మూడుతో కొట్టు. నాలుగు, రెండు, ఎనిమిది... అయ్యో, ఇప్పుడూ అవే! ఫోను తప్పు చెప్పదా? కాగితంమింద చేసి సూడు. చేసినా అదేనా?

ఏడుతో కొట్టు. కొట్టు మే, ఏం కాదు.

ఆరు తొమ్మిదులా. ఒకటన్నా వేరేది లేదా.

ఆ ఫోను పక్కన పెట్టు. పురుగులకి తెచ్చిన ఆకు వాడిపోతాండాది, నువ్వు పోయి గోనిపట్ట తడిపి కప్పు.