నిద్ర లేపని గంట

ముందుగదిలో పాత కంప్యూటర్ ముందు వదిన; ఒళ్ళో నిద్రపోతున్న పిల్లాడు. పక్క కుర్చీలో మరిది.

“మళ్ళీ ఎర్రగా ఏదో వచ్చింది. నేను ముందే చెప్పాగా, చెడగొడతానని.”

“చెడిందేం లేదులే వదినా. ఏం కొట్టావు?”

“నువ్వు కాగితం మీద రాసిచ్చిందే. ‘మీ పేరు ఇక్కడ’ అని ఉంది. పొల్లుపోకుండా అదే కొట్టా.”

“అదే... అదే కొట్టావా? అక్కడ నీ పేరు కొట్టాలి.”

“నవ్వకు, వీడు లేస్తాడు. నా పేరు కావాలంటే నీ పేరేంటని అడగొచ్చుగా మరిదిగారూ.”

“నిజమే. అలా అడిగేటట్టే మారుస్తా. ఇందుకేగా నిన్ను కూర్చోబెట్టింది.”

“పదో తరగతి సగంలో మానేసినదాన్ని, దొరికా నీకు.”

“చదువు మాటెందుకిప్పుడు? పిల్లలకి పాలిచ్చే వేళ గుర్తుచేసే ఈ పాలవేళ యాప్‌ని ఎవరైనా బాగుచెయ్యొచ్చని నేనూ నా స్నేహితులూ గొప్పగా రాశాం. చేద్దామని వచ్చినవాళ్ళకి తమ కంప్యూటర్లో దీన్ని నిలబెట్టుకోవడానికే తల ప్రాణం తోకకొస్తోంది. అందరూ పారిపోయారు. మిగిలింది నేనొక్కణ్ణే. ఇవాళ నీవల్ల కూడా కాకపోతే నేనూ మూసేస్తా.”

“అవన్నీ నాకు తెలీవు. పాలవేళకి గణగణా మోగి పడుకున్నవాణ్ణి లేపుతోందే, అది మానాలి. అంతే.”

“ఆ గంట నువ్వే మారుద్దువుగాని. ముందు నీ పేరు కొట్టి నొక్కు. మిగతావన్నీ అదే తెచ్చుకుంటుంది. ఇదివరకు ఒక్కొక్కటీ మనమే వెతికి తెచ్చి పెట్టాల్సొచ్చేది.”

“కొత్త కాపురానికి సామాన్లలాగా?”

“అలాగే. ఇప్పుడు ఉప్పు దగ్గర్నుంచీ అన్నీ ఒక్క పెట్టెలో సర్దిచ్చా.”

“సర్దావులే. తాళంచెవి ఇవ్వడం మర్చిపోయావు.”

“దెప్పింది చాలుగాని, అటు చూడు. తెరుచుకుంది.”

“ఇదా? ఇది నా ఫోన్లో ఉన్నదేగా.”

“అచ్చం అదే. కాకపోతే ఇది నీ ఒక్కదానిది. ఎంత పాడుచేసినా ఇంకెవరి ఫోనూ చెడదు.”

“ఆ మాట ముందే చెబితే నీ సొమ్మేం పోయింది? ఇందాకట్నుంచీ ఒక్కో అక్షరం మూడేసిసార్లు చూసి కొడుతున్నా.”

“చెప్తే ఇంత జాగ్రత్తగా కొట్టేదానివా? ఇవిగో గంటలు. మెత్తటిది చూసుకో.”

“ఈ గాలి చప్పుడు చాలు. మోగించనా?”

“మోగించు.”

“... మోగిందా?”

“మోగింది వదినా. వాడు కదల్లేదు. ఇంక దీన్ని అందరికీ పంపేద్దామా?”

“ఆగు. ఇంకోసారి మోగించు.”

“ఇదిగో. ఊహూ, ఉలుకూ పలుకూ లేదు.”

“ఇంత నిద్రేంటి వీడికి? ఎప్పుడూ ఇలా పడుకోడే.”

“నువ్వు కోరుకుంది ఇదేగా తల్లీ.”

“ఇదే అనుకో... ఒక్కసారి ఆ పాత గంట కొట్టు.”