చివరి పదహారు పేజీలు

"నేను గొప్పలు చెప్పుకునే రకం కాదని మీకు తెలుసు. ఉన్నమాట చెప్తున్నా. ప్రేమ నవల ఏదైనా సరే, అట్ట చూస్తే చాలు, చివరేమవుతుందో చెప్పేస్తా."

అద్దె పుస్తకాల కొట్టాయన టీకొట్టు బల్ల మీద మఠం వేసుకుని మొదలుపెట్టాడు. చిరిగిన నవలల్ని విప్పి, మళ్లీ కుట్టి, అట్టలు కట్టీ కట్టీ ఆయన వేళ్ల సందుల్లో ఎప్పుడూ జిగురే. అందుకే అందరికీ అట్టల బాబాయ్.

"అట్ట ఊడిపోయుంటేనో?" అన్నాడు మంగలి.

"అరచేతిలో పెట్టు, బరువు చూసి చెప్తా. పెళ్లితో అయిపోయేవి కాస్త బరువుంటాయి, అంతమంది చుట్టాలు దిగాలి కదా! అసలు వీధి మలుపులో ఎవరైనా నవల పట్టుకుని వస్తుంటే ఇక్కణ్ణుంచే వాసన పట్టేస్తా. అన్నీ ఒకటేరా అబ్బాయ్. వాడు పొడుగు, పొగరు. పిల్లకి పెద్ద కళ్లు. ఒక వాన, ఒక జ్వరం, ఒక అపార్థం, పెళ్లి. ఓసారి ఓ రచయిత్రి కారేసుకుని వచ్చింది. నవల సగంలో ఆగిపోయిందట, ప్రెస్సు ఆగిపోయిందట, పనివాళ్లు ముప్పైమంది చేతులు కట్టుకుని నిలబడ్డారట. 'ముగింపు మీరే చెప్పాలి గురువుగారూ' అని బావురుమంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇదే బల్ల. టీ చల్లారేలోపు ఆవిడకొకటి చెప్పి, పక్కింటి రచయిత్రులకి పనికొస్తాయని ఇంకో రెండు పొట్లం కట్టి పంపించా."

"ఆ కారు నేను చూళ్లేదే?" అన్నాడు టీకొట్టతను.

"నువ్వప్పుడు పాలు విరిగిపోయాయని ఏడుస్తున్నావులే."

బట్టలు కుట్టే ఆవిడ ఒళ్లో సంచి పెట్టుకుని పక్క బల్ల మీద కూర్చుంది. పుస్తకం తిరిగివ్వడానికి వచ్చింది.

"అన్నీ ఒకటే అంటారు గానీ అన్నయ్యా, వదిన ఏరి నాకిచ్చినవి ఒక్కటీ ఇంకోదానిలా లేదు. ఒకదాంట్లో ఇద్దరూ దొంగలు. ఒకదాంట్లో ఆ పిల్ల పెళ్లే వద్దని ఓడెక్కి వెళ్లిపోతుంది. ఇంకోదాంట్లో ఇద్దరికీ అరవై దాటాయి."

"మీ వదినా అదే పాట. 'ఒక్కటంటే ఒక్కటి చదివి చూడండి' అని పాతికేళ్లు పోరింది. చదివాగా! చదవలేదనుకున్నారేం?"

గ్లాసు కింద పెట్టాడు.

"ఆసుపత్రిలో. పుస్తకం పట్టుకునే ఓపిక కూడా పోయింది తనకి. గడియారాలు బాగుచేసే ఆయనకీ, పోస్టాఫీసు ఆవిడకీ ప్రేమ, అదీ తను చదువుతున్న నవల. చివరి పదహారు పేజీలు మిగిలిపోయాయి. ఇలా ఇవ్వు అన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను గొంతు విప్పగానే వార్డంతా లేచి కూర్చుంది. కాళ్లకి కట్లున్నవాళ్లు నడిచొచ్చారు. సెలైను సీసాలో చుక్క జారకుండా ఆగి విన్నది. పెద్ద డాక్టరు ఆపరేషను మధ్యలో వదిలేసి వచ్చాడు."

"మరి పేషెంటు?" అన్నాడు మంగలి.

"ఆయన వెనకాలే పేషెంటూ! కథలో రైలు కదిలింది. కిటికీలో ఆవిడ. వాన. ఆయన ప్లాట్‌ఫారం మీద పరుగు. అబ్బ, ఏం పరుగు! పది పెట్టెలు దాటాడు, ఇంజను దాటాడు, తర్వాతి స్టేషన్లో ముందే వెళ్లి తల తుడుచుకుంటూ నిలబడ్డాడు. 'ఈయన పరిగెత్తాడా?' అంది మీ వదిన. 'ప్రేమ కదా, పరిగెత్తిస్తుంది' అన్నా. నవ్వింది చూడూ, కళ్లమ్మట నీళ్లు కారేదాకా. ఏడు వారాల్లో తను నవ్వింది ఆ ఒక్కసారే. నా చదువు అలాంటిది మరి. మర్నాడు పోయింది. పోతే పోయింది గానీ, కథ సగంలో ఉండగా పోలేదు. ఆ ఒక్కటీ నేను చేశా."

బట్టలు కుట్టే ఆవిడ సంచి దగ్గరికి లాక్కుని లేచింది.

"ఏమ్మా, నమ్మవా?"

"నమ్మకేం అన్నయ్యా."

"మరి ఆ మొహమేంటి? ఏదీ, పుస్తకం ఇచ్చి వెళ్లు." ఆయనే తీసుకున్నాడు. నీలం గుడ్డ వేసిన వెన్ను చూడగానే మొహం వెలిగింది. "ఇదే! ఇదే ఆ నవల. కూర్చో, ఆ పరుగు చదివి వినిపిస్తా."

"వద్దన్నయ్యా."

"ఏం, ఎందుకొద్దు?"

ఆవిడ మళ్లీ కూర్చుంది. ఇక తప్పలేదు.

"గడియారాలాయనకి కుడికాలు లేదు. కర్రకాలు. మొదటి పేజీలోనే ఉంది. ఎలా పరిగెత్తుతాడు?"

మంగలి ఫక్కున నవ్వి, సగంలో ఆపేశాడు.

"ఆ పదహారు పేజీలు వేరే నవలవి. విప్పి కుట్టేటప్పుడు ఆఖరి మడత, ఆ పదహారు పేజీల కట్ట, మారిపోయింది. పేర్లు కూడా వేరే. అది చెబుదామనే వచ్చాను."

అట్టల బాబాయ్ మొదటి పేజీ తీశాడు. పెదాలు కదుపుతూ చదివాడు. చివరికి తిప్పి, మడత దగ్గర దారం మీద వేలు పెట్టాడు. తన కుట్టే.

"పేర్లు చూళ్లేదు. ఆయనా, ఆవిడా అని చదువుకుంటూ పోయా. ఎవరైతే ఏంటిలే అని."

ఇంకాసేపటికి, "మీ వదిన నాలుగు వేల నవలలు చదివిన మనిషి. మొదటి వాక్యానికే తెలిసిపోయుంటుంది," అన్నాడు.

పుస్తకం మూసి, బట్టలు కుట్టే ఆవిడ వైపు తిరిగాడు.

"అసలు మడత?"

"మీ కొట్లోనే, ఏ పుస్తకంలోనో ఉంటుంది."

టీకొట్టతను ఆయన గ్లాసు తీసి, వేడి టీ పోసి పెట్టాడు. ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాడు: "పోనీలే బాబాయ్. ఆ కర్రకాలాయనా, పోస్టాఫీసు ఆవిడా... ఆ తర్వాత ఏమైంది?"

"తెలీదురా," అన్నాడు అట్టల బాబాయ్.