దేని డబ్బాలో అది

ఆ ఉదయం ప్రొఫెసరు గారి కాళ్లు నేలమీద నిలవడం లేదు. మూడు శాఖలు కలిసి చెప్పిన పర్యావరణ పాఠంతో యూనివర్సిటీ పిల్లలు చెత్తను వేరుచేసి వేయడం నేర్చుకున్నారని, రోజూ తీసిన డబ్బాల తూకాల లెక్కతో ఆయన నివేదిక రాశారు. అది నిజమో కాదో చూడటానికి రేపు యూనివర్సిటీ పెద్దలు వస్తున్నారు. క్యాంటీన్ వెనక డబ్బాల మూతలు తీసి చూసుకుని మురిసిపోయారు.

“చూశావామ్మా, పిల్లలెంత మారారో! తడి చెత్తలో ఒక్క ప్లాస్టిక్ ముక్క లేదు.”

“ఎందుకుంటుంది సార్?” అంది ఊడ్చే ఆవిడ. “పొద్దున్నే కూర్చుని ఏరేస్తాగా.”

“ఏరడమేంటి?”

“పిల్లలు ఏ డబ్బా కనిపిస్తే అందులో పడేస్తారు. కలిసిపోతే లెక్క తప్పుతుందని మొదటిరోజే మీరన్నారు కదా. అందుకే మీవాళ్లు తూకం వెయ్యడానికి వచ్చేలోపు దేని డబ్బాలో దాన్ని సర్దేస్తా.”

“ఎన్నాళ్లనుంచి?”

“మొదట్నుంచీ. రెండేళ్లు అవలేదా?”

ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ వేళ్లమీద గాజుపెంకుల గాట్లు ఇప్పుడు కనిపించాయి.

“తప్పు చేశానా సార్? పోనీ, రేపట్నుంచి ఎలా ఉన్నవి అలాగే వదిలేస్తా.”

“వద్దొద్దు!” ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. “రేపు వాళ్లు వస్తున్నారమ్మా. రేపొక్కరోజు...”

“ఏరమంటారా?”

ఆయన తలెత్తకుండానే ఊఁ అన్నారు.

“దానికేం భాగ్యం సార్. ఇంకో గంట ముందే వస్తా. పిల్లలకి మంచి నేర్పుతున్నారు మీరు, నావల్ల అది పాడవకూడదు.”