నూట డెబ్భై గ్రెయిన్ల తూటా

శనివారం దుప్పుల వేట మొదలు. మంగళవారం పొద్దున, విస్కాన్సిన్ ఉత్తరాన డ్వేన్ తుపాకుల కొట్లో అతనూ, అతని పిన్ని సిగ్రిడూ తప్ప ఇంకెవరూ లేరు.

"అది కాదు నాయనా, ఆ పక్కది."

"నా మాట విను పిన్నీ. ఇది కొత్త రకం, మొత్తం రాగి. మాంసంలో సీసం ముక్క మిగలదు."

"యాభై ఏళ్ళుగా సీసం తిన్న వాళ్ళమే. ఇంకా నిలబడే ఉన్నాం. పక్కది ఇయ్యి."

"పోనీ ఇది చూడు. మొన సూదిలా ఉంది, దూరం పోతుంది..."

"మీ బాబాయిది గొట్టం తుపాకీ రా! తూటాలు గొట్టంలో ఒకదాని వెనక ఒకటి కూర్చుంటాయి. సూది మొన ముందున్నదాన్ని పొడిస్తే లోపలే పేలుతుంది. నీకు నేను చెప్పాలా?"

"అబ్బో! ఇవన్నీ నీకెప్పట్నుంచి తెలుసు?"

"లైబ్రరీలో పుస్తకముంది. చదివాను."

"సరే, మొద్దు మొనదే ఇస్తా. నూట యాభై గ్రెయిన్ల బరువుది తీసుకో. తేలిక. భుజానికి తన్నదు."

"నూట డెబ్భై. ముందు మెత్తని సీసం. ఎర్ర డబ్బా."

"ఆ డబ్బా పోయిన వారమే ఆర్విడ్ బాబాయ్ పట్టుకెళ్ళాడుగా. ఇరవై తూటాలు. అడవిలో దుప్పులన్నీ ఆయనకే కావాలా?"

"గురి చూసుకుంటున్నాడులే."

"బాబాయా? తప్పుగా అనుకోకు పిన్నీ. వేట క్యాంపు గోడకి మూడేళ్ళుగా ఆయన చొక్కా అంచులే. గురి తప్పినవాడి చొక్కా కోసి మేకు కొట్టడం మాకు సరదానే గానీ, పోయినేడు కత్తెర పట్టడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఆయనే కోసుకున్నాడు."

"తెలుసు. ఆ చొక్కాలు కుట్టేది నేనేగా."

"ఆయన కళ్ళెలా ఉన్నాయి?"

"నా మొహం కనబడుతుంది. ముడతలు కనబడవు. అదీ ఒకందుకు మంచిదే."

"డాక్టరేమన్నాడు?"

"వసంతానికి అదీ ఉండదట. మీ బాబాయేమో ఒక్క దుప్పిని కొట్టి తుపాకీకి సెలవు చెప్పాలంటాడు. ఉత్త చేతులతో చెప్పలేనంటాడు. చెప్పనీ రా. చెప్పకుండా పోయినవాళ్ళే ఎక్కువ మా ఇంట్లో."

"అందుకే, తేలికది..."

"మారిస్తే పట్టేస్తాడు. దుప్పి చర్మం కింద చిక్కిన తూటా తీసి, కడిగి, వేళ్ళతో తడిమి, నీ త్రాసులో తూయించి, పొగాకు డబ్బాలో దాచుకునే మనిషి. కళ్ళు పోతున్నాయి గానీ వేళ్ళకి చూపు తగ్గలేదు."

"ముందు కొట్టాలిగా!"

"కొడతాడు."

"ఎలా కొడతాడు? అదేంటి, డబ్బాకి ఎడం చెయ్యి చాస్తున్నావు? కుడి భుజానికేమైంది?"

"తలుపు తగిలింది."

"ఏ తలుపు? కాలర్ దాకా కమిలిపోయింది. పిన్నీ, పాత రాళ్ళ గని దగ్గర నెల రోజులుగా ఎవరో కాలుస్తున్నారని ఊరంతా అనుకుంటోంది. నువ్వా?"

"మా నాన్న తుపాకీ కూడా అదే రకం. ఎనభై గజాల నుంచి పదికి తొమ్మిది. పదోది గాలి."

"లైసెన్సు?"

"తీసుకున్నా. వేటగాళ్ళ నారింజ కోటు కూడా. ఆయన పక్కనే కూర్చుంటా. దుప్పి ఎటుందో కాలితో కాలు తట్టి చెప్తా. మూడో తట్టుకి ట్రిగ్గర్ నొక్కమన్నా."

"మరి ఆయన తుపాకీ ఆయన దగ్గర ఉంటే మీ నాన్న తుపాకీ ఎందుకు?"

"అరవకు. ఎవరైనా వస్తారు."

"ఎవరూ లేరు. చెప్పు."

"చెవులు కూడా అంతంత మాత్రమేరా ఆయనకి. మూడో తట్టుకి ఇద్దరం కలిసి నొక్కితే ఒక్క మోతే వింటాడు. ఇక దుప్పిలో దొరికేది నాదైనా ఆ వేళ్ళకి తన తూటాలాగే తగలాలి కదా, అందుకే ఆ ఎర్ర డబ్బా ఇయ్యి."