తెలీదన్న నాన్నకి మార్కులేసిన మేడమ్

సభకి వచ్చిన పెద్దలకి, మేడమ్ గారి అబ్బాయికి, కోడలికి, శిశు అధ్యయన కేంద్రంలో ఆవిడ దగ్గర పనిచేసిన మీ అందరికీ నమస్కారం. నేను ప్రొఫెసర్ని కాను, దర్జీని. ఇంతమంది చదువుకున్నవాళ్ల మధ్య నన్నెందుకు మాట్లాడమన్నారో ముందు అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది. మేడమ్ పెట్టిన పరీక్షలో అందరికంటే తక్కువ మార్కులు తెచ్చుకున్న ఘనత నాదే. యాభైకి తొమ్మిది!

నవ్వండి, పర్వాలేదు. ఆవిడా నవ్వేవారు. మంగళవారం పొద్దున ఆవిడ మనల్ని వదిలి వెళ్లిపోయారని తెలిసినప్పట్నుంచీ మిషన్ మీద కూర్చోబుద్ధి కావడం లేదు. కానీ మిత్రులారా, నేనివాళ ఏడవడానికి మైకు పట్టుకోలేదు. గెలిచి వెళ్లిన మనిషి ఆవిడ. ఆ గెలుపు నా కళ్లతో చూశాను. అదే చెబుతాను.

పిల్లల్ని పెంచడం గురించి ఎవరికి ఎంత తెలుసు, ఎవరికి ఎంత చేతనవును, ఈ రెండూ కొలవడం ఆవిడ పని. బరువు తూచొచ్చు, పొడుగు కొలవొచ్చు. తల్లితనాన్ని, తండ్రితనాన్ని కొలుస్తానంటే జనం ఊరుకుంటారా? ఇంటింటికీ వెళ్లి కాగితం మీద టిక్కులు పెడుతుందని ‘టిక్కుల మేడమ్’ అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

పదిహేడేళ్ల కిందటి మాట. నా భార్య పోయింది. పాపకి రెండున్నరేళ్లు. మా వదిన, అంటే నా భార్య అక్క, పాపని తను పెంచుకుంటానంది. కక్షతో కాదు, ప్రేమతోనే. సూదులు, కత్తెరల మధ్య ఒంటరి మగాడు ఆడపిల్లని ఏం పెంచుతాడని ఆమె భయం. సంగతి పిల్లల సంక్షేమ కమిటీకి వెళ్లింది. వాళ్లు మేడమ్ తయారుచేసిన యాభై ప్రశ్నల కాగితం ఇద్దరికీ ఇచ్చారు. పిల్లలు ఏ నెలలో కూర్చుంటారు, ఏ వయసుకి ఎన్ని మాటలు రావాలి, అలిగితే ఏం చేయాలి... వదినకి ముప్పై ఎనిమిది వచ్చాయి. నాకు తొమ్మిది.

ఎందుకు తొమ్మిది? ముప్పై ఏడు ప్రశ్నలకి నేను ‘తెలీదు’ అని రాశాను. “రేపు ఇచ్చేస్తానండీ” అని వందలమందికి అబద్ధం చెప్పిన నోరిది. నా పిల్ల విషయంలో మాత్రం అబద్ధం రాలేదు.

వచ్చే శుక్రవారం పాపని వదినకి అప్పగించమన్నారు. మార్కుల కాగితం మీద మేడమ్ సంతకం ఒక్కటే మిగిలింది. సంతకం చేసేముందు ఆవిడ నా షాపుకి వచ్చారు. ఇన్ని ‘తెలీదు’లు ఎందుకు రాశారని అడిగారు. తెలీనిది వీధిలో ఉన్న నర్సమ్మనో, ఎదురింటి బామ్మనో అడుగుతానని చెప్పాను. అంతటితో ఊరుకోవచ్చు కదా? ఒళ్లు మండి ఉంది, నోరు జారింది. “టేపు పెట్టగానే అందరూ పొట్ట లోపలికి లాగుతారు మేడమ్. ఆ కొలతకి కుడితే బొత్తాలు పట్టవు. నేను కాసేపు కబుర్లు చెప్పి, ఊపిరి వదిలాక కొలుస్తాను. మీరు మా ఊపిరి బిగబట్టించి కొలిచారు” అన్నాను.

ఆవిడకి కోపం వచ్చింది. లేచి వెళ్లిపోయారు. పాప ఇక నాది కాదనుకున్నాను.

మర్నాడు పొద్దున షాపు తెరిచేసరికి ఒక స్టూలు, ఒక అట్ట, ఇంకో పరిశీలకురాలితో గుమ్మంలో ఉన్నారు! ఒకరు ఈ మూల, ఒకరు ఆ మూల. ఒకరి కాగితం ఒకరు చూడకూడదు. మొదటిరోజు నేనూ పొట్ట లాగాను మరి. పాపకి పాటలు పాడి, గంతులేసి, ఒక కాలరు తిరగేసి కుట్టాను. ఆవిడ ఒక్క టిక్కూ పెట్టలేదు. మూడోరోజుకి వాళ్లున్న సంగతే మర్చిపోయాను. అప్పుడు రాశారు. గంటలో పాప నన్ను నలభైసార్లు పిలిచింది. మాటతోనో, చూపుతోనో, చొక్కా లాగో. ముప్పై ఆరుసార్లు నేను పలికాను. నాలుగుసార్లు మిషన్ చప్పుడులో వినపడలేదు. రెండోవారి కాగితంలో ముప్పై అయిదు. అంతే తేడా.

శుక్రవారం కమిటీ ముందు ఆవిడ ఏమన్నారో తెలుసా? “తప్పు ఈయనది కాదు, నా కాగితానిది” అన్నారు. తొమ్మిదేళ్ల కష్టం, పుస్తకాలకెక్కిన కాగితం! ఏ శాస్త్రవేత్త అంటాడండీ అలా, అదీ పదిమంది ముందు? “తెలీనిదాన్నీ, తప్పునీ ఒకే సున్నా కింద వేశాను. తెలీదన్నవాళ్లు వెళ్లి అడుగుతారు. తప్పునే నిజమనుకున్నవాళ్లు ఎవర్నీ అడగరు. చేతికి వచ్చిన పని నేను కాగితం మీద అడగనే లేదు” అన్నారు. సంతకం చేయలేదు. పాప నా దగ్గరే ఉండిపోయింది.

అక్కడితో ఆగారా? నాలుగు వేల పాత కాగితాలు బయటికి తీసి మళ్లీ దిద్దారు. రెండేళ్లు పట్టింది. తోటివాళ్లు ఎగతాళి చేశారు. ఆ మార్కులు చూసి తీర్పు రాసిన ఇంకో పదకొండు కుటుంబాల కేసులు దగ్గరుండి తిరగదోడించారు. పదకొండూ!

అలాగని నన్ను నెత్తిన పెట్టుకున్నారనుకునేరు. “మీకు పలకడం వచ్చు, మాట్లాడటం రాదు. పాపకి మాటలు తక్కువున్నాయి” అని ముఖం మీదే చెప్పి, తల్లిదండ్రులకి తను నడిపే క్లాసులో కూర్చోబెట్టారు. దారం, బొత్తం, జేబు, అన్నిటికీ పేర్లు చెబుతూ కుట్టడం అక్కడే నేర్చుకున్నాను. తప్పయిన పన్నెండు ప్రశ్నలకోసం వదినా వచ్చింది. ఇద్దరం ఒకే బెంచీ. చివర్లో నాకు నలభై నాలుగు, ఆమెకి నలభై ఆరు. ఆ రెండు మార్కుల గొప్ప ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

టిక్కుల్లో మాత్రం ఆవిడ దయ చూపించేవారు కాదు. ఒక కొత్త పరిశీలకురాలు ఓ పేద తల్లి మీద జాలిపడి నాలుగు టిక్కులు ఎక్కువ వేసింది. మేడమ్ కాగితం చింపేశారు. “నువ్విచ్చిన ఈ నాలుగు టిక్కుల వల్ల ఆమెకి నేర్పాల్సిన నాలుగు విషయాలు మనం నేర్పం” అన్నారు. ఆ పరిశీలకురాలు ఇప్పుడు ఈ కేంద్రానికి అధిపతి. నన్ను ఈ మైకు దగ్గరికి పిలిచింది ఆమే.

మా అమ్మాయి మూడో వరసలో ఉంది. లిఫ్టులు బాగుచేస్తుంది. తన సంగతులు సభలో చెబుతున్నానని గుర్రుగా చూస్తోంది. చూడనీండి. పక్కన వదిన కూర్చుని ఉంది. ఈ పిల్లకి ఇద్దరం మిగిలాం. ఆ రోజు ఆవిడ సంతకం పెట్టి ఉంటే, మాలో ఒకరు మిగిలేవారు కాదు.

మిత్రులారా, అందరం లేచి రెండు నిమిషాలు నిశ్శబ్దంగా నిలబడదాం. ఫోన్లు ఆపేయండి. ఇంకొక్క మాట. హాల్లో పసిపిల్లలు చాలామందే ఉన్నారు. ఈ రెండు నిమిషాల్లో ఏ బిడ్డయినా అమ్మా అన్నా, నాన్నా అన్నా, ఉష్ అని నోరు మూయించకండి. పలకండి. మేడమ్‌కి అంతకంటే పెద్ద మర్యాద లేదు.

లేవండి.