చెవుల వెనక పట్టీలు

హాలీవుడ్‌లో ఒక స్టూడియో మేకప్ గది, పొద్దున్న ఏడు గంటలు. అద్దం ముందు యాభై రెండేళ్ల నటి కూర్చుంది. ఆమె తొమ్మిదో ఏట నుంచీ ఆమెకు రంగు వేస్తున్న ముసలాయన వెనక నిలబడ్డాడు.

“తల తిప్పకమ్మాయ్. చెవుల వెనక పట్టీలు అంటించి చర్మం లాగితే పదేళ్లు తగ్గుతావు. ఒకావిడకి ఎంత గట్టిగా లాగానంటే, నవ్వినప్పుడల్లా ఆవిడ మడమలు నేలమీంచి లేచేవి!”

“కోతలు కొయ్యకు బాబాయ్. నాకు పట్టీలు వద్దు.”

“నిర్మాత హుకుం తల్లీ. పట్టీల్లేకుండా వెళ్తే నీ వేషం ఇంకొకావిడకి ఇచ్చేస్తాడు. ఆవిడ అప్పుడే వచ్చి బయట కుర్చీలో కూర్చుంది.”

“కూర్చోనీ. తల్లి వేషమేగా ఇది? కొడుకుని యుద్ధానికి పంపిన తల్లికి ముడతలుండవా?”

“ఇళ్లల్లో ఉంటాయి. సినిమాల్లో ఉండవు.”

“లండన్ నుంచి వచ్చిన కొత్తలో నా పాలపళ్లు ఊడితే కట్టుడు పళ్లు పెట్టింది నువ్వే. కనుబొమలు పీకావు. స్టూడియోవాళ్లు నా పేరు మార్చారు, యాస మార్చారు. తిరిగి లండన్ వెళ్తే నా మాట విని అక్కడివాళ్లు నవ్వారు. ఈ మొహం మీద మీరెవరూ పెట్టనివి ఈ ముడతలే. ఇవి నావి.”

“వేషం పోతే?”

“పోనీ. నన్నిలా కళ్లారా చూసి, అప్పుడు పొమ్మనమను.”

“సరేలే, జిగురు ఎండిపోయిందని చెబుతా.”

“అబద్ధమెందుకు? నేనే వద్దన్నానని చెప్పు.”

“చెబుతా. నేనూ అంటించనన్నానని కలిపి మరీ చెబుతా. లే, పద.”