పజోరు కర్ర దగ్గర నీళ్ల బకాయి

సోములమ్మక్కా, ఆ టీలో అల్లం కాస్త దంచి వెయ్యి, గొంతు ఎండిపోయే కథ ఇది. దేవీప్రసాదూ, పట్టాలు సూసుకునే డ్యూటీ దిగిపోనావు గదా, ఇలా బల్ల మీద కూకో. సోంబరన్నా, నీ కాఫీ తోట ఎక్కడికీ పోదు గానీ నువ్వూ ఇను. నా గొప్ప నేను సెప్పుకోకూడదు. అయినా పోయినేడు మీ ఇటుకల పండక్కి, అరకెళ్లే ఇదే టైడా రోడ్డు మీద, గంటలపేట మున్సిపాలిటీలో నీళ్ల బిల్లులు వసూలు సేసే ఈ గణపతిరావు ఒక ఓనరు సేత పాత బకాయి కట్టించేడు.

"అదేటంత గొప్ప, బాబూ?" అన్నాడు సోంబరు.

గొప్ప కాదేటి! మా ఊళ్లో మేడల ఓనర్ల సంగతి నీకేటి తెలుసు. నాలుగంతస్తులు, పైన మూడు ట్యాంకులు, నిండిపోయి వీధిలోకి కారతంటాయి. బిల్లు పట్టుకెళ్తే మాత్రం ఓనరు ఊళ్లో ఉండడు. ఒకడు అద్దెకున్నోళ్లనడగమంటాడు, వాళ్లు ఓనరునే అడగమంటారు, ఇంకొకడు మీటరే తప్పంటాడు, మరొకడు కుక్కని వదుల్తాడు. పోనీ కుళాయి పీకుదామంటే, పార పట్టుకునేలోపు పెద్దోళ్ల దగ్గర్నుంచి ఫోనొచ్చేస్తాది. నోటీసులిచ్చేం, మైకులో అరిపించేం, గుమ్మాల ముందు డప్పు కొట్టించేం. డప్పు బాగుందని ఒకాయన మనవడి పుట్టినరోజుకి బయానా ఇచ్చేడు గానీ బిల్లు కట్టలేదు. పంపు తిప్పే కుర్రోళ్లకి నాలుగు నెలలు జీతాల్లేవు. నాది కూడా కాంట్రాక్టు ఉజ్జోగమే. "నెలాఖరుకి ఒక్క పాత బకాయైనా తే, లేకపోతే మరి డ్యూటీకి రాకు" అనీసేడు మా ఆఫీసరు. ఇంట్లో ముగ్గురు పిల్లలు. ఆ తర్వాత ఏటి సేసేనో తెలుసా?

"ఏటి సేసేవు?"

ఆలోసించేను. ఈ ఓనర్లు ఇంట్లో ఉండరు సరే, మరెక్కడుంటారు? సెలవొస్తే సాలు, కార్లేసుకుని అరకే గదా! మీ పండక్కి మగోళ్లంతా వేటకెళ్తే, ఆడోళ్లు రోడ్డుకడ్డంగా వెదురు కర్ర పట్టి, ఆడి పాడి, వొచ్చిన బండినల్లా ఆపి పజోరని పండగ డబ్బులు అడుగుతారు గదా. పదో ఇరవయ్యో సేతిలో పెట్టందే ఎంత పెద్దోడి బండైనా కదల్దు. మా ఆఫీసంతా కలిసి సెయ్యలేని పని, ఒక్క కర్ర సేస్తంది! ఆ కర్రకీ, పట్టుకున్న సేతులకీ దండం పెట్టుకుని పక్కన నిలబడ్డాను. ఒక కారు ఆగింది. అద్దం దిగితే ఎవరనుకున్నావు? మూడేళ్ల బకాయి ఉన్న లాడ్జీ ఓనరు! నా మొకం సూసేడు, సెమటలు పట్టేయి, పైసాతో సహా కట్టీసేడు.

దాని వెనక కారూ మా ఊరిదే, ఆ వెనకదీ మా ఊరిదే. మజ్జాన్నానికి కార్ల వరస ఘాట్ రోడ్డు దిగి ఎస్.కోట దాటిపోనాది. రసీదు పుస్తకాలయిపోతే అడ్డాకుల మీద రాసిచ్చేను. ఒకాయన ఆ రసీదులోనే ఉప్మా పెట్టుకు తినీసి, ఆకు పారీసి, మర్నాడు భయపడి మళ్లీ వొచ్చి రెండోసారి కట్టేడు!

"మరి రైల్లో వొచ్చినోళ్లో?" కన్ను గీటుతూ అడిగాడు దేవీప్రసాద్.

మంచి మాట అడిగేవు. కిరండోల్ పాసింజరు కూతేసుకుంటూ వస్తంటే పట్టాల మజ్జ నిలబడి డిమాండు నోటీసు సూపించేను. ఆగిపోనాది.

"రావుగారూ, ఆ రోజు డ్యూటీ నాదేనండి. రైలెక్కడాగింది?"

నువ్వు అటు తిరిగున్నావులే. ఓనర్లు దూకి సొరంగాల్లోకి పారిపోనారు. ఒక్కో సొరంగంలో తల పెట్టి మీటరు నంబర్లు సదివేను. బళ్లో హాజరు పలికినట్టు "ఉన్నానండి" అనుకుంటూ ఒక్కొక్కడే బయటికొచ్చేడు. మిగిలిన మొండోళ్లు డొంకరాయి దాకా పరిగెట్టి డేములో మునిగి దాక్కున్నారు. నేను గట్టెక్కి, "బిల్లు కట్టనోళ్లకి నీళ్లలో దాక్కునే హక్కెక్కడిది?" అని ఒక్కరుపు అరిసేను. గేట్లు వాటంతటవే లేచిపోనాయి! నీళ్లన్నీ పోతే, అడుగున ఓనర్లు నోట్లు సేత్తో పట్టుకుని వరసలో కూకున్నారు. తడిసిన నోట్లు నీ కాఫీ మొక్కల మీదే ఆరేసేను, సోంబరన్నా.

"నా తోటలోనా? ఒక్కటీ దొరకలేదే నాకు!"

ఏరుకున్నది నేను గదా, వదుల్తానేటి! ఇంకో సిత్రం ఇను. పాతికేళ్ల కిందట సచ్చిపోయిన ఓనరొకడు శ్మశానం నుంచి లేచొచ్చి, కట్టీసి, "సిల్లర ఉంచుకో బాబూ" అనీసి మళ్లీ ఎళ్లి పడుకున్నాడు. ఇదంతా ఎవరి సలవ? ఈ కొండ మీద ఆడోళ్ల సలవే. మీ రుణం నేనీ జన్మలో...

"ఉండు బాబూ," అంది సోములమ్మ, గ్లాసు బల్ల మీద పెడుతూ. "ఆ కర్రకి ఒక కొస పట్టుకున్నది నేనే గదా. నాకు తెలిసింది నాను సెప్పనా?"

గణపతిరావు గ్లాసు అందుకున్నాడు కానీ తాగలేదు.

"ఈ బాబు పొదల పక్కనుంచి వొచ్చేడు, బుజానికి సంచి. వేట నుంచొచ్చేడనుకున్నాం. సంచి సూస్తే మాంసం ముక్క లేదు, కాగితాలు. ఉత్త సేతుల్తో వొచ్చినోడికి మా పండగలో ఏటి సేస్తాం? కుండెడు పేడనీళ్లు నెత్తిన పోసేం. రోడ్డు మీద కూలబడి, 'ఉజ్జోగం పోద్ది తల్లీ' అని ఏడిసేడు. ఆగున్న కార్లో పెద్దమనిషి ఫోన్లో వీడియో తీస్తా ఒకటే నవ్వు. ఆయనే లాడ్జీ ఆయన. 'నవ్వినోడే నీళ్లు తెచ్చి కడగాల, అప్పుడే కర్ర లేస్తాది' అన్నాను. రెండు బిందెలిచ్చి లోయలో ఊట సూపించేం. రెండుసార్లు ఎక్కేడు. మూడోసారి మజ్జలో కూకుండిపోనాడు. 'రోజూ మోస్తారా?' అనడిగేడు. 'పుట్టిన కాడి నుంచీ' అన్నాను. లేచి బిందె ఎత్తుకున్నాడు. పైకొచ్చి ఈ బాబు తల కడిగి, తనే బిల్లు అడిగి, మూడేళ్లదీ సెక్కు రాసిచ్చేడు. అంతే. ఆ ఒక్క కారే."

దేవీప్రసాద్ పడీ పడీ నవ్వాడు. గణపతిరావు నవ్వలేదు. లేచి సోములమ్మకి రెండు చేతులూ జోడించాడు.

"అవునక్కా. నా నెత్తిన పేడ పోసి నా పిల్లల నోట్లో కూడు పెట్టేవు. ఆ సెక్కుతోనే నా ఉజ్జోగం నిలబడింది. అందుకే ఈ ఏడు కూడా పండక్కి వొచ్చేను. నిన్ను మర్సిపోతే నేను మనిషినే కాదు."

"మరి ఉన్నదున్నట్టు సెప్పొచ్చు గదా బాబూ," అన్నాడు సోంబరు. "ఈ కోతలెందుకు?"

"సెప్పేనన్నా! మా ఆఫీసులో మొదట ఇదే సెప్పేను. డేము గేట్లు లేచేయంటే నమ్మేరు, సచ్చినోడు లేచొచ్చేడన్నా నమ్మేరు. మా ఊరి ఓనరు తనే అడిగి బిల్లు కట్టేడంటే మాత్రం, ఒక్కడంటే ఒక్కడు నమ్మలేదు."